ఫోన్లు బయట పెట్టించిన అక్క

కొత్తవాడలో దర్రీలు నేసే ఇంటాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. అప్పుడు నేను బడికి బయల్దేరుతున్నాను.

“టీచరమ్మా, పీఈటీ మేడం లేస్తలేదు. జర రాండ్రి” అన్నాడు.

లేవకపోవడమంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట నోటితో అనలేక అట్లా అన్నాడు.

మా బడిలో ఆటలు నేర్పిన ఆ పీఈటీ మేడంను నేను అక్కా అనేదాన్ని. ఆయన ఇంటి వెనక గదిలో ఆమె చాలా ఏళ్లుగా అద్దెకుంటోంది. నేను పోయేసరికి చాప మీద గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. జడ బిగించే ఉంది. ఇంటాయన ఆ రోజు మగ్గం మీద కూర్చోలేదు. గడపలో నిలబడి, “ఎవలకు చెప్పాలె టీచరమ్మా?” అని అడిగాడు. ఆమె తమ్ముడొకడు భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. అతనికి చెప్పాను. తర్వాత బడికి చెప్పాను. ఆ పైన ఎవరికి చెప్పాలో తోచక ఆమె గదిలో గోడకానుకొని కూర్చున్నాను. దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన మనిషి పోతే ఎవరికి చెప్పాలి?

దేశం తరఫున ఆడిందన్న సంగతి మా బడిలో చాలామందికి తెలియదు. నాకూ చాలాకాలం తెలియదు. నేను హిందీ పంతులమ్మను. ఆటల పీరియడు వస్తే కిటికీ మూసుకొని పేపర్లు దిద్దుకునేదాన్ని. ఒకసారి ఆమెనే అడిగాను, “అక్కా, నువ్వు ఇండియాకు ఆడినవంట గదా?” అని.

“రెండు మ్యాచులు. రెండూ ఓడినం” అంది. అంతే, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆమెతో నడవడం ఒక తంటా. ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే నడవాలి. నేను మరిచిపోయి అటుపక్కకు వస్తే నడుస్తూ నడుస్తూనే వెనక నుంచి తిరిగి తన చోటుకు తాను వచ్చేసేది. ఆడినన్నాళ్లూ ఎడమ పక్క కాపలా ఆమెది. కుడి మోకాలు సరిగా వంగదు కాబట్టి బస్సులో సీటున్నా కూర్చోదు. స్టాఫ్ మీటింగులలో కూడా గోడకు ఆనుకొని నిలబడే ఉండేది. కొత్తగా వచ్చిన హెడ్మాస్టర్లు దాన్ని నిరసన అనుకొని భయపడేవాళ్లు.

పిల్లల మీద అరిచేది కాదు. గ్రౌండులో కూడా మామూలు గొంతుతోనే మాట్లాడేది. ఆ మాట వినపడాలంటే పిల్లలే నోరు మూసుకోవాలి. “బాల్ వెంబడి ఉరుకకు బిడ్డా. నీ జాగల నువ్వుండు. బాలే నీ దగ్గరికొస్తది” అనేది. ఫోనులో మ్యాచులు చూసేటప్పుడు శబ్దం ఆపేసేది. ఎందుకని అడిగితే, “కామెంట్రీవాళ్లు చెప్పింది వింటే మనం చూసింది మర్సిపోతం” అంది.

ఒక సంవత్సరం బడి జట్టుకు కెప్టెన్‌ను ఎన్నుకోవాల్సి వచ్చింది. కార్పొరేటర్ గారి బిడ్డ కూడా జట్టులో ఉంది. హెడ్మాస్టరు గ్రౌండులోకి వచ్చి, ఆ పిల్లను ముందుకు పిలిచి, “ఈమె కెప్టెన్ కావాలన్న వాళ్లు చేతులెత్తండి” అన్నారు. అందరూ ఎత్తారు.

“సార్, చేతులెత్తితే ఓటు కాదు. ఒకల చెయ్యి ఒకలు చూస్కుంటాండ్రు” అంది అక్క.

పిల్లలకు తలా ఒక కాగితం ముక్క ఇచ్చింది. ఒక్కొక్కరే గోడ చాటుకు పోయి రాసి, బంతులు పెట్టే సంచిలో వేసి రావాలి. వాళ్లు రాస్తున్నంతసేపూ తాను గ్రౌండు అవతలకు పోయి, వీపు ఇటు తిప్పి నిలబడింది. లెక్కపెట్టమని నన్ను పిలిచింది. తీరా చూస్తే ఆ కార్పొరేటర్ బిడ్డే గెలిచింది. నాకు నవ్వొచ్చింది. ఇంత చేసి ఏం సాధించినట్టు?

అక్క ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, “ఇప్పుడు నువ్వు నిజంగ కెప్టెన్‌వు” అంది. ఆ పిల్ల ఏడ్చేసింది. చేతులెత్తినప్పుడు ఆ పిల్ల మొహం నేలకు వంగి ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అట్లాంటి మనిషికి దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికల్లో ఓటు వచ్చింది.

అంతకుముందు ఆ సమాఖ్య అధ్యక్షుణ్ణి రాష్ట్ర సంఘాల పెద్దలు మాత్రమే ఎన్నుకునేవారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి తగాదా నడిచి, నియమాలు మారి, మాజీ ఆటగాళ్లలో కొందరికి కూడా ఓటు ఇచ్చారు. మన రాష్ట్రం నుంచి ఆడవాళ్ల తరఫున అక్క. పోటీ ఇద్దరి మధ్య. ఒకరు చాలాకాలంగా అధ్యక్ష పీఠం మీద ఉన్న పెద్దమనిషి. రెండోవారు ఒకప్పుడు దేశానికి ఆడిన పాత ఆటగాడు. ఇదంతా మాకు అర్థమయ్యేలోపే కొత్తవాడ గల్లీలోకి పెద్ద కారు వచ్చింది.

అందులోంచి దిగినాయన రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. తెల్ల చొక్కా, చేతినిండా ఉంగరాలు. దర్రీలు నేసే ఇంటాయన తన కోసమే వచ్చారనుకొని కొత్త దర్రీ పరిచాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

“మేడం, ఫ్లైట్ టికెట్ బుక్ అయింది. ముందుగాలనే పోతున్నం. మంచి హోటల్. మనోళ్లందరం ఒక్కటే కాడ ఉంటం” అన్నాడాయన.

జడ్పీ ఎన్నికలప్పుడు సభ్యులను బస్సెక్కించి క్యాంపులకు తీసుకుపోవడం మనం చూసిందే. ఇదీ అదే, కాకపోతే విమానంలో.

“నేను రైలుకొస్త సార్” అంది అక్క.

“మీ ఇష్టం. మన రాష్ట్రం మొత్తం పాత ప్రెసిడెంట్ సారుకే. మీరు గూడ గంతే.” లేచి చెప్పులేసుకుంటూ ఇంకోమాట అన్నాడు. “ఓటేసినంక ఆ కాగితం ఒక ఫోటో కొట్టుండ్రి ఫోన్ల. నాకు పంపిస్తే నేను పైకి పంపిస్త. ఏం లేదు, జర నమ్మకానికి.”

అక్క ఏమీ అనలేదు. ఆయన దాన్ని సరేనని అనుకొని వెళ్లిపోయాడు. కారు గల్లీ తిరగలేక చాలాసేపు ముందుకూ వెనక్కూ ఆడింది. అక్క అటే చూస్తూ, “చెల్లె, నాతోని ఢిల్లీ వస్తవా? నాకు హిందీ రాదు” అంది.

అంతకుముందు ఆమె నన్ను ఏదీ అడిగిన గుర్తు లేదు. మా ఆయనకు చెప్పి, సెలవు పెట్టి, కాజీపేటలో ఆమెతో రైలెక్కాను. ఆమె కాలు చాపుకోవడానికి వీలుగా నేను పై బెర్తు తీసుకున్నాను. దారి పొడవునా ఆమె ఫోను మోగుతూనే ఉంది. కార్యదర్శి ఒకసారి, పాత ఆటగాడి మనుషులు ఒకసారి. వీళ్ల హిందీ నేనే విని చెప్పాను. “దీదీ, మాకే వేస్తారని తెలుసు. ఒక ఫోటో మాత్రం పంపండి” అంటున్నారు.

“వీళ్లకు గూడ ఫోటోనే కావాల్నా?” అంది అక్క. అప్పుడు ఆమె మొహంలో కనిపించింది కోపం కాదు. ఎవరూ లేని చోట దిగిపోయిన మనిషి మొహంలా ఉంది.

ఎన్నికకు ముందురోజు ఎన్నికల అధికారిని కలవాలంది. ఆయన రిటైరైన జడ్జి. సమాఖ్య ఆఫీసులో ఒక మూల గది ఆయనది. మెడకు మఫ్లరు చుట్టుకొని, చల్లారిపోయిన టీ ముందర పెట్టుకొని కూర్చున్నాడు. మేం లోపలికి పోగానే, “మీరు ఏ పక్షం?” అని హిందీలో అడిగాడు. నేను దాన్ని, “నువ్వు ఏ పక్క అని అడుగుతున్నడు” అని చెప్పాను.

“ఎడమ పక్క. లెఫ్ట్ బ్యాక్” అంది అక్క.

జడ్జి ఒక క్షణం చూసి గట్టిగా నవ్వాడు. ఆ ఆఫీసులో చాలా రోజులుగా ఎవరూ ఆయన్ని నవ్వించినట్టు లేరు.

అక్క కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆమె ఒక్కో వాక్యం చెప్పి ఆగుతుంటే నేను హిందీలోకి మార్చాను. “ఓటేసే కాడికి ఫోన్లు పోవద్దు సార్. బయట పెట్టియ్యాలె. ఓటేసే బల్ల గోడ దిక్కు తిప్పాలె.”

“ఎవరైనా మిమ్మల్ని ఫోటో అడిగారా?”

“అడిగినోళ్ల పేరు చెప్పనీకి నేను రాలే.”

“ఫిర్యాదు లేకుండా నేనేం చేయను? ఫోన్లు తేవద్దని నియమాల్లో ఎక్కడా లేదు.”

అది నేను అక్కకు తెలుగులో చెప్పాను. “తెమ్మని గూడ లేదు గదా సార్” అంది. మళ్లీ తనే, “మేం ఆడేటప్పుడు రిఫరీ ఒక్కడే ఉంటుండె. గ్రౌండ్ల అందరూ ఆయన్ను తిట్టేటోళ్లే. కానీ ఆయన ఊదకపోతే ఆటే లేదు. మీరు గూడ గంతే” అంది.

ఆ చివరి మాటను హిందీలో చెప్పడానికి నేను పదాలు వెతుక్కున్నాను. ఎట్లాగో చెప్పాను. జడ్జి టీ కప్పు పక్కకు జరిపి, “చూస్తాను” అన్నాడు. అంతకుమించి ఏ మాటా ఇవ్వలేదు.

మర్నాడు హాలు తలుపు దగ్గర ఒక బల్ల వేసి ఉంది. దాని మీద పేర్లు రాసిన కవర్లు. ఫోన్లన్నీ అక్కడ ఇచ్చి పోవాలని ఒక గుమస్తా చెబుతున్నాడు. క్యాంపుల నుంచి బస్సుల్లో దిగినవాళ్లు ఒక్కసారిగా గొడవకు దిగారు. ఇదేం అవమానమన్నారు, మేం దొంగలమా అన్నారు. జడ్జి తలుపు దాకా వచ్చి, “ఫోను ఇవ్వనివాళ్లకు ఓటు కాగితం లేదు” అని మాత్రం చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఎవరు చెప్పి చేయించారో ఎవరికీ తెలియదు. కానీ ఏ క్యాంపులోనూ ఉండనిది ఆమె ఒక్కతే కాబట్టి అనుమానం ఆమె మీదికే పోయింది. మా కార్యదర్శి ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకు నేనే రెండడుగులు వెనక్కి వేశాను. అక్క తన ఫోను గుమస్తా చేతికిచ్చి, వరుసలో నిలబడింది. ఆమెకు ముందున్నవాళ్లు కొంచెం ముందుకు జరిగారు, వెనకవాళ్లు కొంచెం వెనక్కి తగ్గారు. అందరి మధ్యనా ఆమె చుట్టూ ఒక మనిషి పట్టేంత జాగా ఏర్పడింది. మధ్యాహ్నం భోజనాల దగ్గరా అంతే. పళ్లెం పట్టుకొని ఆమె గోడ దగ్గర నిలబడింది, పక్కన నేను. ఇంకెవరూ రాలేదు.

సాయంత్రానికి పాత అధ్యక్షుడే గెలిచాడు. దండలు, పటాకులు. ఓడిపోయిన పాత ఆటగాడు మెట్ల మీద మా దగ్గర ఆగాడు. ఎర్రబడ్డ కళ్లతో హిందీలో గబగబా ఏదో అని వెళ్లిపోయాడు.

“ఏమన్నడు?” అని అడిగింది అక్క.

చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ ఆమె నన్ను తెచ్చుకున్నది అందుకే కదా. “మా వాళ్లు ఫోటోకు భయపడైనా మాట మీద నిలబడేవాళ్లు, నీవల్లే ఓడిపోయాను అంటున్నడు” అన్నాను.

ఆమె తల ఊపింది. చాలాసేపు ఆ మెట్ల మీదే నిలబడింది. ఆ రెండు పక్షాలవాళ్లూ వెళ్లిపోయి, కుర్చీలు మడతపెడుతున్న చప్పుడు మాత్రమే మిగిలింది.

తిరుగు రైల్లో నాగపూర్ దాటాక, నారింజ ఒలుస్తూ ఉన్నట్టుండి అంది, “ఎవలకేసిన్నో అడగవా?”

“అడగను.”

“అడగకు చెల్లె. నాకైతే చెప్పబుద్ధయితాంది. ఎవలకన్న ఒక్కలకు చెప్తే మనసు జర తేలికైతది. గందుకే అడగకు.”

సగం నారింజ నాకిచ్చింది. నేను అడగలేదు. కాజీపేటలో దిగేదాకా ఇద్దరం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాం. అప్పుడు ఆమె పక్కన కూర్చున్నది నేనే అయినా, ఆ సీట్లో ఆమె ఒక్కతే ఉందనిపించింది.

ఆ తర్వాత ఆమెకు ఫోన్లు రావడం ఆగిపోయింది. జట్ల ఎంపికకు పిలిచేవాళ్లు, మానేశారు. టోర్నమెంట్లకు అతిథిగా పిలిచేవాళ్లు, అదీ మానేశారు. అవన్నీ ఆమెకు లెక్కలోకి రాలేదు. కానీ మౌనిక విషయం అట్లా కాదు.

మౌనిక ములుగు దగ్గర అడవి పల్లె పిల్ల. మా దగ్గర హాస్టల్లో ఉండి చదివేది. అక్క చేతిలో అంత బాగా ఆడిన పిల్ల అంతకుముందు లేదు. రాష్ట్ర జట్టు ఎంపికకు పోయింది, పేరు రాలేదు. మరుసటి సంవత్సరం పోయింది, రాలేదు. రెండోసారి వాళ్లమ్మ కూలి మానుకొని జీపులో వచ్చి, గ్రౌండు మధ్యలో అక్కను పట్టుకొని అడిగింది. “నా బిడ్డకు ఆట రాదా మేడం? వస్తదంటరు అందరు. మరి నీ పేరు చెప్పంగనే ఎందుకు తీసేస్తాండ్రు? మీ పెద్దోళ్ల పంచాయితీల నా బిడ్డెందుకు?”

వారం తిరగకముందే అక్క నర్సంపేటలో సంఘంవాళ్లకు దగ్గరగా ఉండే ఒక కోచ్ దగ్గరికి తనే స్వయంగా పోయి మౌనికను అప్పజెప్పి వచ్చింది. బస్టాండులో ఆ పిల్ల ఏడుస్తుంటే చెప్పిందట, “ఎవలన్న అడిగితే నా పేరు చెప్పకు బిడ్డా. ఆయన కాడనే నేర్చుకున్ననని చెప్పు.” ఈ సంగతి నాకు మౌనికే చెప్పింది, మొన్న, శవం దగ్గర కూర్చొని.

ఆ ఏడాదే మౌనిక రాష్ట్ర జట్టులోకి వచ్చింది. ఆమె మ్యాచు ఫోనులో వస్తుంటే స్టాఫ్ రూములో అక్కతో పాటు నేనూ చూశాను. శబ్దం లేదు. ఎడమ పక్కన ఆడుతున్న ఆ చిన్న బొమ్మను చూస్తూ, “జాగల ఉన్నది” అంది అక్క. ఇంకేం అనలేదు. ఆ పిల్ల మళ్లీ మా బడికి రాలేదు. రావద్దని చెప్పింది కూడా అక్కే.

రిటైరయ్యాక ఆమె కొత్తవాడ దాటి బయటికి పెద్దగా వచ్చేది కాదు. ఆదివారాలు నేనే పోయేదాన్ని. మగ్గం చప్పుడు వింటూ గది ముందర నిలబడి ఉండేది. నేను గల్లీ మలుపు తిరగడం కనబడితే స్టవ్ మీద టీ పెట్టేది. నేను పోలేని ఆదివారాలు కూడా పెట్టేదని ఇంటాయన చెప్పాడు.

దినాల రోజు వచ్చినవాళ్లు తక్కువే. తమ్ముడు, వాళ్ల బంధువులు కొందరు, మా టీచర్లు, మౌనిక, వాళ్లమ్మ. భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. నేను గ్లాసులు సర్దుతుంటే గల్లీ బయట కారు ఆపి, ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. కార్యదర్శి. జుట్టు తెల్లబడింది, చేతికి ఉంగరాలు లేవు. అక్క ఫోటో ముందు చాలాసేపు నిలబడి, తర్వాత గడప మీద కూర్చున్నాడు. నీళ్లిచ్చాను. ఇయ్యాలనిపించలేదు, అయినా ఇచ్చాను.

“మేడం ఎవలకేసిందో మీకు చెప్పిందా?” అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఈయనకు అదే కావాలా అని ఒళ్లు మండింది. “లేదు” అన్నాను.

“నేను ఎవలకేసిన్నో గూడ ఎవలకు తెల్వదు.” గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. “పైనోళ్లు నన్ను గూడ ఫోటో అడిగిండ్రు మేడం. ఫోను లోపటికి పోతే సచ్చినట్టు వాళ్లకే ఏసేటోణ్ణి. పోలే. గోడ దిక్కు బల్ల ఉన్నది, ఎవ్వలు లేరు. చిన్నప్పుడు ఆ పాత ప్లేయర్ ఆట చూసే నేను ఈ ఫుట్‌బాల్ల వడ్డ. ఆయనకే ఏసిన. నా జిందగీల నా ఇష్టంగ ఏసిన ఓటు గదొక్కటే.”

నేను అడిగాను, “మరి మౌనికను రెండుసార్లు ఎందుకు తీసేసిన్లు?”

“మనోళ్లల్లనే ఎవడో అవతలోళ్లకు ఏసిండని పైన గుసగుస మొదలైంది. నా మీదికి రావద్దంటే, మేడం మీద అందరికన్న ఎక్కువ గరంగ నేనే కనపడాలె గదా.” తల ఎత్తలేదు. “ఆ పిల్లను పక్కన పెట్టుమని ఎవలు చెప్పలే. నేనే పెట్టిన.”

“ఆమెకు ఒక్కమాటన్న చెప్పాల్సింది.”

“మస్తుసార్లు అనుకున్న. ఈ గల్లీ మలుపు దాకొచ్చి మర్లిపోయిన. చెప్తే ఏమంటదో ఎరికే నాకు. నాకెందుకు చెప్తానవ్ సార్, చెప్పద్దనే గదా నేను గంత చేసింది, అంటది.”

అనేదే. అక్క బతికుండగా ఈ మాట విని ఉంటే ఎట్లా ఉండేదో ఊహించుకోబోయాను. ఆమె మొహం ఎంతకూ అందలేదు. ఆయన నీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా నేల మీద పెట్టి లేచాడు. “మీరు ఎవలకు చెప్పద్దు” అని, ఆ మాట తనే అన్నందుకు సిగ్గుపడ్డవాడిలా నిలబడి, వెళ్లిపోయాడు.

దర్రీలు నేసే ఇంటాయన వాకిట్లోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. దగ్గరికి వచ్చి, “గప్పట్ల కార్ల వచ్చినాయనే గదా టీచరమ్మా? ఏమంటాండు?” అన్నాడు.

“ఏం లేదు కాకా. అక్క మంచి మనిషి అంటాండు.”

ఆయన గల్లీ చివర మలుపు తిరుగుతున్న ఆ మనిషిని చూశాడు.

“గది చెప్పనీకి గిన్నేండ్లు పట్టిందా?” అని, మగ్గం దగ్గరికి పోయాడు.